పరిగె మిగలని చేలు

సార్వా (వానాకాలపు వరి) కోతలప్పుడు కోనసీమలో గానీ, భీమవరం చుట్టుపక్కల గానీ ఏ చేని గట్టు మీద నిలబడ్డా ఒక సంగతి చూడొచ్చు. కోత మిషను మడిలో దిగేముందు ఒక మనిషి కొడవలి పట్టుకుని నాలుగు మూలలూ కోస్తాడు. మిషను ఆ మూలల్లోకి తిరగలేదు, వదిలేస్తే అక్కడి పైరు అలాగే నిలిచిపోతుంది. కోసిన ఆ కాసిని పనలూ తెచ్చి మిషను నోటికి అందిస్తారు. గంట లెక్కన బాడుగ కాబట్టి పనంతా పరుగు మీద సాగుతుంది. పొద్దువాలేసరికి ధాన్యం ట్రాక్టరెక్కుతుంది, చేలో గడ్డి తప్ప ఏమీ ఉండదు.

బైబిలులో లేవీయకాండము 19వ అధ్యాయం 9, 10 వచనాలు సరిగ్గా ఈ మూలల గురించే మాట్లాడతాయి. పంట కోసేటప్పుడు చేని ఓరలు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అవి బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. ద్వితీయోపదేశకాండము 24:19 ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: చేలో ఒక పన మరిచిపోయి వస్తే దానికోసం వెనక్కి కూడా వెళ్లొద్దంటుంది. మోయాబు దేశపు విధవరాలు రూతు బేత్లెహేములో అడుగుపెట్టి అత్తనూ తననూ పోషించుకోగలిగింది ఈ చట్టం వల్లే. ఆ చట్టం లేకపోతే ఆ కథే లేదు.

గోదావరి డెల్టా పాఠకులకు పరిగె అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కొడవలి కోతలున్న రోజుల్లో పనలు మోసి కుప్ప వేశాక పేటలోని ముసలమ్మలూ, బడి లేని పిల్లలూ బుట్టలతో చేలోకి వచ్చి రాలిన వెన్నులు ఏరుకునేవారు. ఎలుక కన్నాలు తవ్వి అవి దాచుకున్న వడ్లు తీసుకునేవాళ్లూ ఉండేవారు. రైతు పెద్దమనసుతో వదిలినా, ఏరించే కూలి గిట్టక వదిలినా, వాళ్ల పొయ్యి మీదికి నాలుగు గింజలు చేరేవి. మిషను వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. తప్పు మిషనుది కాదు. కోతకు మనుషులు దొరకని రోజులొచ్చాయి, ముసురు పట్టేలోపు పంట ఒడ్డున పడాలి. అయితే పరిగె పోయినంత మాత్రాన దాని వెనకున్న ఆజ్ఞ రద్దు కాలేదు. మరి ఆ ఆజ్ఞ ఇప్పుడు ఏ రూపంలో ఉంది? నిత్యజీవితంలో వాక్యాన్ని పాటించడమంటే ఏమిటన్న చర్చ డెల్టాలో ఇక్కడినుంచి మొదలవ్వాలి.

సాధారణంగా ఆ చర్చ వేరేచోట మొదలవుతుంది. విశ్వాసి జీవితం అనగానే మన సంఘాల్లో వినిపించేవి తాగుడు మానడం, సినిమాలు మానడం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన తప్పకపోవడం. వీటిని తేలిగ్గా తీసేయకూడదు. తాగుడు మానిన ఒక్క మగవాడి వల్ల ఒక ఇల్లు నిలబడటం, పిల్లల ఫీజు కట్టగలగడం, భార్య ఒంటిమీద దెబ్బ లేకపోవడం ఈ పేటలన్నీ కళ్లారా చూసిన సంగతి. కానీ ధర్మశాస్త్రంలో, ప్రవక్తల గ్రంథాల్లో, యాకోబు పత్రికలో నిత్యజీవితం గురించి ఉన్న మాటల్లో చాలా భాగం కాటా గురించి, కూలి గురించి, అప్పు గురించి, పొలం సరిహద్దు గురించి. ప్రసంగాల్లో వాటి వంతు తక్కువ. వినేవాళ్లలో కూలి ఇచ్చేవాళ్లూ, వడ్డీకి తిప్పేవాళ్లూ ఉంటారు కాబట్టి బోధకుడికి మొహమాటం. ఈ మొహమాటమే డెల్టా సంఘాలకు ఎక్కువ నష్టం చేసిందని చెప్పాలి.

ఎందుకంటే ఇక్కడ సువార్త మొదట చేరిందే చేతిపని మనుషుల ద్వారా, చేతిపని మనుషుల దగ్గరికి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేసిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. గోదావరి డెల్టా మిషనుకు పునాది వాళ్లే వేశారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పనిలో వేలమంది కూలీలు రాళ్లు మోస్తున్నప్పుడు ఈ మిషనరీలు వాళ్ల మధ్యకు వెళ్లి బోధించారు. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కూడా గాఢమైన విశ్వాసి. 1832-33 కరువూ, 1839 ఉప్పెనా ఈ సీమను ఊడ్చేశాక, నీళ్లు కళ్లముందే సముద్రంలోకి పోతుంటే మనుషులు తిండిలేక చావడం చూసి ఊరుకోలేకపోయాడు. రైళ్ల కంటే కాలవలకు ముందు ఖర్చు పెట్టాలని కడదాకా వాదించాడు. సుమారు 10 లక్షల ఎకరాలకు నీరందించే కాలవలు ఆ పట్టుదల నుంచి వచ్చినవే. డెల్టా రైతు ఇళ్లలో మతంతో సంబంధం లేకుండా కాటన్ దొర పటం కనిపిస్తుందంటే కారణం అది.

రాజమండ్రి కేంద్రంగా లూథరన్ మిషను కూడా ఇలాగే పల్లెలకు చేరింది. గుంపులుగా సువార్తను అందుకున్నవాళ్లు ఎక్కువగా సెంటు భూమి లేని మాల, మాదిగ పల్లెల కూలి కుటుంబాలు. అంటే బైబిలులో కూలివాడి పక్షాన ఉన్న ప్రతి వచనం ఇక్కడ సంఘంలో సగం మందికి తమ గురించి రాసిందే.

కూలి సంగతే ముందు చూద్దాం. ద్వితీయోపదేశకాండము 24:15 లెక్క చాలా సూటిగా ఉంటుంది: పొద్దుగుంకకముందే కూలి ఇచ్చెయ్యి, వాడు బీదవాడు, దానిమీదే ఆశ పెట్టుకుని ఉన్నాడు. యాకోబు 5:4 అదే మాటను ఇంకా గట్టిగా అంటుంది: చేలు కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోంది. సామెతలు 3:28 అయితే మన ఊళ్లో రోజూ వినిపించే మాటనే పట్టుకుంటుంది. చేతిలో డబ్బుండగా పొరుగువాడితో ‘పోయి రేపు రా’ అనకు. డెల్టాలో ‘రేపు రా’ అన్నది తిట్టు కాదు, మర్యాదైన మాటే. ‘మిల్లు డబ్బులు పడలేదు, సోమవారం రామ్మా’ అని నవ్వుతూనే అంటారు. ఆ సోమవారానికీ ఈ రోజుకీ మధ్య ఆ ఇంట్లో ఏం వండుకుంటారన్నదే ఆ వచనం అడిగే ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇప్పుడు కొత్త మనుషులు చేరారు. కొన్నేళ్లుగా గోదావరి జిల్లాల్లో నాట్లకు పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. ఎకరాకింత అని మేస్త్రితో మాట, డబ్బు మేస్త్రి చేతికి. భాష రాదు, ఊరు తెలియదు, రేషను లేదు, బాగోకపోతే ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలియదు. పాకలోనో, ఖాళీగా ఉన్న షెడ్డులోనో నిద్ర. పరదేశిని మీలో పుట్టినవాడిలాగే చూడాలి, మీరూ ఐగుప్తులో పరదేశులే కదా అన్న లేవీయకాండము 19:34కి ఇంతకంటే సూటైన సందర్భం ఈ నేల మీద లేదు. పనయ్యాక డబ్బు మనిషి మనిషికీ చేరిందా లేదా అని రైతు ఒక్కసారి అడిగితే సగం మోసం ఆగిపోతుంది. మంచినీళ్ల డ్రమ్ము, జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి బండి, రాత్రి లైటు, ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. ఇక్కడి ఆడవాళ్లు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఇంటిపనికి వెళ్లి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కుపోతే ఊరంతా కన్నీళ్లతో ప్రార్థన చేస్తుంది. ఆ కన్నీళ్లు నిజమైనవి. ఆ బిడ్డకు అక్కడ దక్కాలని కోరుకునేదే, బెంగాలీ కూలికి ఇక్కడ దక్కాల్సిందీ.

కాటా గురించి సామెతలు 11:1 చెప్పింది చిన్నప్పుడే సండే స్కూల్లో కంఠతా పెట్టించే వచనం: దొంగత్రాసు యెహోవాకు అసహ్యం. వచనం నోటికి వస్తుంది, సంతకు వచ్చేసరికి దారి తప్పుతుంది. ధాన్యం బస్తా 75 కిలోలు. తేమ 17 శాతం దాటితే కొనుగోలులో పేచీ. తేమ పేరు చెప్పి, తాలు పేరు చెప్పి కొనేవాళ్లు తరుగు తీస్తారు. రైతుకు ఎదురు చెప్పే వీలుండదు, ఎందుకంటే వాన మబ్బు నెత్తిమీదుంటుంది, ధాన్యం రోడ్డుమీదుంటుంది. రొయ్యల దగ్గర ఇదే ఆట కౌంట్ పేరుతో నడుస్తుంది. కిలోకు ఎన్ని తూగాయన్నది కౌంట్. 40 కౌంట్‌కీ 50 కౌంట్‌కీ ధరలో చాలా తేడా. తీసిన సరుకు ఐసు కరిగేలోపు అమ్ముడుపోవాలి కాబట్టి, శాంపిలు బుట్టలో చిన్న రొయ్యలు రెండు గుప్పిళ్లు ఎక్కువ పడితే నష్టమెవరిదో చెప్పక్కర్లేదు. రైతు వైపునా తప్పులున్నాయి. నిషేధించిన యాంటీబయాటిక్ చెరువులో కలిపి ఆ మాట దాచి అమ్మడం కూడా దొంగత్రాసే, తూకం తేడా రాకపోయినా సరే. కొన్నవాడు మోసపోతాడు, తిన్నవాడి ఒంటికి హాని, ఆ సరుకు విదేశంలో పరీక్షలో పట్టుబడి వెనక్కి వస్తే ఊరందరి ధరా పడిపోతుంది.

చెరువుల మాట వచ్చింది కాబట్టి నీటి సంగతి. యెహెజ్కేలు 34:18లో దేవుడు బలిసిన గొర్రెలను నిలదీస్తాడు. మంచి మేత మేసింది చాలక మిగిలిన మేత కాళ్లతో తొక్కాలా, తేటనీళ్లు తాగింది చాలక మిగిలిన నీళ్లు కాళ్లతో కలకలు చెయ్యాలా? ఉప్పునీటి చెరువులున్న ఏ ఊళ్లోనైనా ఈ వచనం చదివితే వ్యాఖ్యానం అక్కర్లేదు. పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు మురుగు కాలవలోకి వదిలితే, ఆ నీళ్లు దిగువ చేలల్లోకి, దిగువ ఊరి మంచినీటి చెరువులోకి చేరతాయి. పక్క ఎకరం వరిరైతు రెండేళ్లకు ఉప్పు తేలిన చేను చూసుకుని తనూ చెరువు తవ్వించుకుంటాడు, లేదా అమ్ముకుని వెళ్లిపోతాడు. వెళ్లిపోయినవాడికీ చెరువు యజమానికీ మధ్య మాటా మాటా ఏమీ జరగలేదు కాబట్టి ఇది పాపంగా ఎవరి లెక్కలోకీ రాదు. రెండో పంట దాళ్వాలో వంతులవారీ నీళ్లిచ్చేటప్పుడు ఎగువ రైతు రాత్రిపూట ఇంజను పెట్టి తోడుకోవడమూ అంతే. శివారు చేలకు నీళ్లు చేరేసరికి పొట్టదశ దాటిపోతుంది. పొరుగువాడు ఎవరు అని ఒక ధర్మశాస్త్రోపదేశకుడు యేసును అడిగాడు. డెల్టాలో కాలవకు దిగువనున్న ప్రతివాడూ పొరుగువాడే.

గట్టు సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏటా నాగలి తిరిగేటప్పుడు పారతో బెత్తెడు మన వైపు చెక్కుకుంటే పదేళ్లకు గట్టు జరుగుతుంది, పొరుగువాడు ముసలివాడో, కొడుకులు ఊళ్లో లేనివాడో అయితే అడిగే దిక్కుండదు. ద్వితీయోపదేశకాండము 19:14, సామెతలు 23:10 రెండూ దీని గురించే. రెండోది తండ్రిలేనివారి పొలాన్ని ప్రత్యేకంగా చెప్పడం గమనించాలి.

ఇంతవరకూ చెప్పినవి మోసాలు. ఎవరు చేసినా తప్పేనని ఎవరైనా ఒప్పుకుంటారు. విశ్వాసం నిజంగా పరీక్షకు నిలిచే చోటు ఇంకోటుంది, అది తప్పని ఎవరూ అనని చోటు. కౌలు కాగితం మీద సంతకం.

డెల్టాలో చాలా ఊళ్లలో పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో, లేదా అదే ఊళ్లో వేరే పనిలోనో ఉంటాడు. ఎకరాకు ఇన్ని బస్తాలని నోటిమాటగా కౌలు కుదురుతుంది. పంట బ్యాంకు అప్పు, బీమా, నష్టపరిహారం, ధాన్యం అమ్మిన డబ్బు, ఇవన్నీ కాగితం ఎవరి పేర ఉంటే వాళ్ల ఖాతాకు వెళ్తాయి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు 11 నెలల సాగు హక్కు కార్డు ఇవ్వొచ్చు. భూమి మీద హక్కు ఏదీ దానివల్ల రాదని చట్టమే చెబుతుంది. కానీ ఆ కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పెట్టరు. ఏదో తిరకాసు వస్తుందని భయం, నలుగురూ పెట్టడం లేదు కదా అన్న ధైర్యం. తుపానుకు చేను పడిపోయి కంకి నీళ్లలో మొలకెత్తినప్పుడు, పెట్టుబడి పెట్టి పురుగుమందు కొట్టినవాడు అప్పుతో మిగిలిపోతాడు, పరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. కొందరు యజమానులు ఆ డబ్బు తెచ్చి కౌలుదారు చేతిలో పెడతారు. వాళ్ల పేర్లు ఏ పేపర్లోనూ రావు. చాలామంది పెట్టరు.

ఇక్కడ లేవీయకాండము 25:23 తెరవాలి. భూమి నాది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు అంటాడు దేవుడు. ఆ వచనాన్ని నమ్మినవాడి లెక్కలో పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడు కూడా దేవుని దగ్గర కౌలుదారే. తనకు మాటమీద ఇచ్చిన భూమిని తను ఇంకొకడికి కాగితం లేకుండా ఇచ్చి, నష్టమొస్తే వాడిమీద వదిలేసే హక్కు ఆ లెక్కలో లేదు. ఆ సంతకం చట్టం అడుగుతున్నది కాబట్టి కాదు, ఆరాధనలో భాగం కాబట్టి పెట్టాలి. సంఘాల పేర, ట్రస్టుల పేర ఉన్న పొలాలకూ ఇదే వర్తిస్తుంది. ఆ పొలాల కౌలుదార్లకు ముందుగా కార్డులు ఇప్పిస్తే తక్కినవాళ్లకు చెప్పడానికి నోరుంటుంది. పరిగెకు ఈ కాలపు రూపం ఏదని అడిగితే మొదటి జవాబు ఈ సంతకమే.

రెండో సంగతి చాలా నొప్పి ఉన్నది, దాన్ని దాటేసి వెళ్తే ఈ విషయం మీద రాయడంలో అర్థం లేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి వచ్చిన దళితులూ వాళ్ల పిల్లలూ వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ విభాగం కిందికి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. దాంతో బాప్తిస్మం తీసుకున్న కుటుంబాల్లోనూ చాలా చోట్ల సర్టిఫికెట్టు ఒకలా, ఆదివారం ఒకలా ఉంటుంది. పిల్లాడి ఇంజనీరింగు సీటు, కూతురి టీచరు ఉద్యోగం, ఊళ్లో కులం పేరుతో ఎవరైనా చెయ్యెత్తితే చట్టపు అండ, అన్నీ ఆ కాగితం మీదే. ‘అబద్ధమాడకూడదు’ అని పుల్పిట్ మీది నుంచి చెప్పడం సులువు. ఆ మాట చెప్పేవాళ్లలో ఆ కాగితం అవసరం లేని కులాలవాళ్లు ఎందరో ముందు చూసుకోవాలి.

ఎందుకంటే చర్చిలోకి వచ్చాక కులం పోయిందా అంటే పోలేదు. పెళ్లి సంబంధాల దగ్గర, సమాధుల దొడ్డి దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర అది మామూలుగానే కూర్చుని ఉంటుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మురికిబట్టల వాణ్ని కింద కూర్చోమనడం గురించి యాకోబు 2వ అధ్యాయం మాట్లాడితే మనం దాన్ని డబ్బు గురించి అనుకుని ఊరుకుంటాం. సంఘం లోపల కులాన్ని బతికించి, బయట కాగితం మీద మాత్రం పేదవాణ్ని నిజం చెప్పమనడం మోయలేని బరువులు మనుషుల మీద మోపడమే. నిజం చెప్పే ఖర్చును అందరూ పంచుకోవాలి. ఆ పిల్లాడి ఫీజు సంఘం కట్టగలదా? కులాంతర పెళ్లికి సంఘ పెద్దలు ముందు వరసలో కూర్చుంటారా? ఈ రెండింటికీ అవునన్న జవాబున్న చోట సర్టిఫికెట్టు గురించి మాట్లాడే యోగ్యత వస్తుంది.

పెళ్లిళ్ల దగ్గర కట్నం కూడా ఇలాగే. ప్రధానానికి ముందు లాంఛనాల పేరుతో లెక్క తేలిపోతుంది, మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు, ‘అభ్యంతరమున్నవారు చెప్పండి’ అంటారు. 1961 నుంచి చట్టరీత్యా నేరమైనదాని మీద ఆ మూడు ఆదివారాల్లో అభ్యంతరం చెప్పినవాళ్లు లేరు.

కానుకల విషయంలో మాత్రం మన సంఘాలు చాలా నిక్కచ్చిగా ఉంటాయి. కువైట్ నుంచి వచ్చిన మొదటి నెల జీతంలో దశమభాగం తీసి కవరులో పెట్టే తల్లులు డెల్టా అంతటా ఉన్నారు. ఆ నమ్మకానికి చేతులెత్తి దండం పెట్టొచ్చు. అయితే మార్కు 7వ అధ్యాయంలో యేసు కొర్బాను గురించి అన్నమాట ఆ కవరు పక్కనే ఉంచుకోవాలి. దేవునికి అర్పించాను అనే మాటతో తల్లిదండ్రులకు చెయ్యాల్సింది ఎగ్గొట్టడాన్ని ఆయన తప్పుపట్టాడు. ముసలి తండ్రికి కంటి ఆపరేషను వాయిదా వేసి మందిర నిర్మాణానికి చందా రాస్తే, రాసినవాడి కంటే రాయించుకున్నవాడిది ఎక్కువ తప్పు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదోవంతు ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారన్న మత్తయి 23:23 కూడా ఈ కోవలోదే. అక్కడ యేసు పదోవంతు మానమనలేదు, వాటిని మానకుండానే వీటిని చెయ్యమన్నాడు. కాబట్టి ఇది కానుకల మీద దాడి చెయ్యడానికి వాడుకునే వచనం కాదు.

కోత పండుగ రోజున కానుకా కనికరమూ ఎలా కలుస్తాయో ఒక చర్చిలో చూడొచ్చు. వరి కంకుల పనలు, గెలలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కాళ్లకు తాడు కట్టిన కోడిపెట్ట, ఎవరో బామ్మ కొంగులో తెచ్చిన నాలుగు కోడిగుడ్లు, అన్నీ బల్ల ముందు పేరుస్తారు. ఆరాధన అయ్యాక వేలం. కోడిగుడ్లు వాటి ధరకు పదింతలకు పాడుకుని, అదే బామ్మకు తిరిగి ఇచ్చి పంపేవాళ్లుంటారు. చర్చి ఖాతాలో డబ్బు పడుతుంది, ఇంటికి గుడ్లు వెళ్తాయి, ఎవరి తలా వంగదు.

రూతు పరిగె ఏరుకున్న చేని యజమాని బోయజు చేసింది కూడా దాదాపు ఇదే. రూతు 2:16లో తన పనివాళ్లకు అతను చాటుగా ఒక మాట చెబుతాడు: ఆమె కోసం పనల్లోంచి కొన్ని కావాలనే లాగి పడెయ్యండి, ఆమెను గద్దించొద్దు. దానం అని తెలియకుండా చేశాడు. సాయంత్రం ఆమె దుళ్లగొట్టి చూసుకుంటే దాదాపు తూమెడు యవలు అయ్యాయని తెలుగు బైబిలు చెబుతుంది. ఆమె తన చేతులతో ఏరుకున్న తూమెడు. లేవీయకాండపు చట్టంలో ఉన్న మెళకువ అదే. రైతు మూట కట్టి ఇవ్వడు, చేనులో చోటు వదులుతాడు, బీదవాడు తన కష్టంతో తీసుకుంటాడు. చీరలు పంచి, ఫొటో తీసి, ఫేసుబుక్కులో పెట్టే దానంలో ఈ మెళకువ లేదు.

కాబట్టి ఆ నాలుగు మూలల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఎకరం మడిలో మిషను తిరగక మిగిలే పైరు ఎంతో కాదు. కొడవలి మనిషిని పంపకుండా వదిలేస్తే పేటలో ఎవరో ఇద్దరు ఆడవాళ్లు పూటలో కోసుకుని, కళ్లంలో దుళ్లగొట్టుకుని పోతారు. రైతుకు కొడవలి మనిషి కూలి కూడా మిగులుతుంది. ఒక్క జాగ్రత్త కావాలి: మూలలు వదిలేస్తున్నామని మిషను డ్రైవరుకూ, పేటలోవాళ్లకూ ముందురోజే చెప్పాలి. మిషను చేలో దిగాక చెబితే ఆ చప్పుడులో ఎవరికీ వినిపించదు.